డయాబెటిస్ పొడి మొదలుపెట్టాక తిన్న తర్వాత షుగర్ 240 దాటుతోంది: తప్పు పొడిదా, పాలదా?

కాకినాడ కాజా (ప్రశ్న)

నాన్నగారికి 67 ఏళ్ళు, టైప్ 2 షుగర్ వచ్చి పదిహేనేళ్ళు. ఉదయం టిఫిన్‌కి ముందు ఒకటి, రాత్రి పుల్కాలకి ముందు ఒకటి గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర వేసుకుంటారు. మధ్యాహ్నం అన్నం మొదటి ముద్దతో వొగ్లిబోజ్ 0.3. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 8.6 శాతం. ఆర్నెల్లలో బరువు 64 నుంచి 58 కిలోలకి పడిపోయింది. నీరసం అంటుంటే మందుల షాపులో "డయాబెటిస్" అని రాసి ఉన్న పొడి ఇచ్చారు.

ఉదయం నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ. పావుగంట ఆగి 200 మి.లీ. పాలలో రెండు స్కూపుల పొడి. పరగడుపున ఎప్పటిలాగే 140 దగ్గరే ఉంటోంది. తిన్న రెండు గంటలకు ఇదివరకు 190–200 వచ్చేది, ఇప్పుడు 240 దాటుతోంది.

టిన్ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 100 గ్రాములకి: శక్తి 400 కిలోక్యాలరీలు, ప్రోటీన్ 20, కార్బోహైడ్రేట్ 58, అందులో మొత్తం చక్కెరలు 6, అదనపు చక్కెర 0, పీచు 10, కొవ్వు 12. స్కూపు 15 గ్రాములు. పదార్థాల్లో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, తర్వాత పాల ప్రోటీన్, నూనె, ఒలిగోఫ్రక్టోజ్, స్వీటెనర్ 955.

అదనపు చక్కెర సున్నా అని ఉన్నప్పుడు షుగర్ ఎందుకు పెరుగుతోంది? పాలకి బదులు నీళ్ళలో కలపాలా? అసలు ఇది మానేసి రాగి జావ ఇస్తే నయమా?

పప్పుచారు (డైటీషియన్)

కాజా గారూ, లేబుల్ మొత్తం రాయడం మంచి పని. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

మధ్యరకం ఇడ్లీ ఒకదానిలో దాదాపు 10 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, నాలుగింటికి 40. 200 మి.లీ. పాలలో లాక్టోజ్ (పాల చక్కెర) 9–10 గ్రాములు. మీ పొడిలో 58 లోంచి పీచు 10 తీసేస్తే 48, అంటే 30 గ్రాముల పొడికి 14 పైచిలుకు. ఇదివరకు 40 గ్రాములతో ముగిసే టిఫిన్ ఇప్పుడు 64 అయింది. మాత్ర మోతాదు మాత్రం మారలేదు. పెరిగిన 24లో పది పాలవి, పద్నాలుగు పొడివి, కాబట్టి తప్పు పంచమంటే ఇద్దరికీ వస్తుంది. కానీ అసలు తప్పు వాటిలో కంటే వాటిని టిఫిన్ మీద ఇవ్వడంలో ఉంది.

ఈ పొడుల మీద జరిగిన పరీక్షల్లో షుగర్ తక్కువ పెరిగిందని చెప్పేది దేనితో పోల్చి? అంతే క్యాలరీలున్న మామూలు న్యూట్రిషన్ డ్రింకుతోనో, అంతే క్యాలరీల టిఫిన్‌తోనో. భోజనం అలాగే ఉంచి దానికి ఇంకో గ్లాసు కలిపితే షుగర్ తగ్గుతుందని ఏ కంపెనీ చెప్పదు. టిన్ మీద పెద్దక్షరాల్లో "బదులు" అని రాయరు కాబట్టి అందరూ "అదనంగా" వాడతారు.

ప్రస్తుతానికి ఇలా మార్చి చూడండి. ఇడ్లీలు రెండు, ఒక ఉడికించిన గుడ్డు, పొడి నీళ్ళలో కలిపి టిఫిన్‌తోనే. మొత్తం 34–35 గ్రాముల పిండిపదార్థం, అంటే పొడి రాకముందు తిన్నదానికి కొంచెం తక్కువ. గుడ్డు 6 గ్రాములు, పొడి 6 గ్రాములు కలిపి ప్రోటీన్ పెరుగుతుంది. శాకాహారులైతే గుడ్డుకి బదులు పెసరపప్పు సుండలో, 50 గ్రాముల పనీరో. ఇడ్లీలే నాలుగూ కావాలంటే పొడిని పక్కన పెట్టి 11 గంటలకు నీళ్ళలో ఇవ్వండి. అప్పుడు రెండు చిన్న పెరుగుదలలు వస్తాయి, ఒక్క పెద్దది రాదు.

నీళ్ళలో కలిపేటప్పుడు టిన్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంతే పోయండి. స్కూపు గోపురంలా నింపకుండా చాకుతో సమంగా గీయండి. కుప్పగా తీసిన "15 గ్రాముల" స్కూపు వంటింటి త్రాసు మీద 20 చూపించడం మామూలే. ఒక కంపెనీ స్కూపు ఇంకో కంపెనీ డబ్బాలో వేసుకుంటే లెక్క పూర్తిగా పోయినట్టే.

లేబుల్ పురాణం

పప్పుచారు గారు పరిమాణం చెప్పారు, నేను రకం గురించి చెబుతాను.

"మొత్తం చక్కెరలు" అన్న వరుసలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పంచదార, లాక్టోజ్ లాంటి చిన్న అణువులే లెక్కకి వస్తాయి. మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే మొక్కజొన్న లాంటివాటి పిండిని ఎంజైములతో ముక్కలు చేసిన గ్లూకోజ్ గొలుసు. గొలుసు కాబట్టి చట్టప్రకారం చక్కెర కాదు, తియ్యగానూ ఉండదు. పేగులోకి వెళ్ళాక మాత్రం నిమిషాల్లో తెగి గ్లూకోజ్ అవుతుంది. దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె) గ్లూకోజ్‌కి దాదాపు సమానం, మన పంచదార 65 దగ్గర ఉంటుంది. మీ టిన్‌లో 58 లోంచి పీచు 10, చక్కెరలు 6 తీసేయండి. మిగిలిన 42లో చాలావరకు అదే. "అదనపు చక్కెర 0" అబద్ధం కాదు, కానీ మీరు అడగాల్సిన ప్రశ్నకి అది జవాబు కాదు.

పదార్థాల జాబితా బరువు ప్రకారం పెద్దది ముందు, చిన్నది తర్వాత రాస్తారు. షుగర్ ఉన్నవాళ్ళ కోసం కొనే పొడిలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే నేను పెట్టేసి వచ్చేస్తాను. పాల ప్రోటీన్, వే ప్రోటీన్, సోయా ప్రోటీన్ మొదట ఉండి, పిండిపదార్థంగా ఐసోమాల్టులోజ్ ఉంటే మెరుగు. ఐసోమాల్టులోజ్ కూడా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసినదే, కానీ వాటి మధ్య ముడి గట్టిది, నెమ్మదిగా తెగుతుంది. ఇండెక్స్ 32 దగ్గర. తమాషా ఏమిటంటే ఇది "చక్కెరలు" వరుసలోకి వస్తుంది కాబట్టి లేబుల్ మీద చక్కెర అంకె పెద్దగా కనిపించి జనం భయపడతారు. చక్కెర 6 ఉన్న మాల్టోడెక్స్‌ట్రిన్ పొడి కంటే చక్కెర 15 ఉన్న ఐసోమాల్టులోజ్ పొడి రక్తంలో నిదానంగా ఉండొచ్చు. "రెసిస్టెంట్ మాల్టోడెక్స్‌ట్రిన్" అని పూర్తి పేరు ఉంటే అది వేరు. అది అరగని పీచు, పీచు వరుసలో లెక్కిస్తారు.

పీచు కార్బోహైడ్రేట్‌లో కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది టిన్‌ని బట్టి మారుతుంది. కనుక్కోవడం తేలిక, గ్రాముకి పిండిపదార్థానికీ ప్రోటీన్‌కీ 4, కొవ్వుకి 9, పీచుకి 2 కిలోక్యాలరీల చొప్పున వేసి చూడండి. కాజా గారి టిన్‌లో పీచు కలిసి ఉందనుకుందాం: 48 × 4 = 192, ప్రోటీన్ 20 × 4 = 80, కొవ్వు 12 × 9 = 108, పీచు 10 × 2 = 20. మొత్తం 400. లేబుల్ మీదా 400. సరిపోయింది కాబట్టి 58లోంచి పీచు తీసేయొచ్చు. విడిగా ఉన్నదైతే మొత్తం 440 రావాలి, అప్పుడు 58కి 58 లెక్కపెట్టాలి.

స్వీటెనర్ 955 అంటే సుక్రలోజ్, 950 ఎసిసల్ఫేమ్, 960 స్టీవియా. ఈ మోతాదుల్లో ఇవి షుగర్ పెంచవు. 965 ఉంటే మాల్టిటాల్, అది కొంత పెంచుతుంది, ఎక్కువైతే కడుపు జారుతుంది. ఒలిగోఫ్రక్టోజ్ అనే పీచు వల్ల గ్యాస్ వస్తుంది. వొగ్లిబోజ్‌కి గ్యాస్, మెట్‌ఫార్మిన్‌కి విరోచనాలు ముందే ఉన్న గుణాలు. మూడూ కలిస్తే పొట్ట ఉబ్బరం అని డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతారు, పొడి సంగతి మాత్రం చెప్పరు. మొదటి వారం ఒక్క స్కూపుతో మొదలుపెడితే ఈ గొడవ తగ్గుతుంది.

ఆవకాయ జాడీ

ఇంత లెక్క ఎందుకండీ. పొడులన్నీ వ్యాపారం. "హెల్త్ డ్రింక్" అన్న మాటకి మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా లాంటివాటిని ఆ విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది కదా. మొలకెత్తిన రాగుల మాల్ట్ చేసి పెట్టండి, పంచదార బదులు బెల్లం వెయ్యండి. షుగరూ లేదు, బాధా లేదు.

పప్పుచారు (డైటీషియన్)

జాడీ గారూ, మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగం షుగర్ ఉన్న ఇంట్లో పాటిస్తే ప్రమాదం.

రాగుల్లో 100 గ్రాములకి పిండిపదార్థం 66–67, పీచు విడిగా 11. జావకి 30 గ్రాముల పిండి తీసుకుంటే 20 గ్రాముల పిండిపదార్థం, అంటే రెండు స్కూపుల పొడి కంటే ఎక్కువే. పైగా రాగి సంకటిగా తినడం, జావగా తాగడం ఒకటి కాదు. మెత్తగా విసిరి, నీళ్ళలో బాగా ఉడికించి పల్చగా చేస్తే పిండి పూర్తిగా ఉబ్బి, కడుపులోంచి త్వరగా దిగి, త్వరగా అరుగుతుంది. మొలకెత్తించాక సంగతి ఇంకోటి: మొలకలో పుట్టే ఎమైలేజ్ ఎంజైమ్ పిండిని ముందే మాల్టోజ్ అనే చక్కెరగా విరగ్గొడుతుంది. మాల్ట్ జావ మామూలు రాగి జావకంటే పల్చగా, కొద్దిగా తియ్యగా ఉండేది అందుకే. చంటిపిల్లలకి, జ్వరం పడి లేచినవాళ్ళకి అది వరం. షుగర్ ఉన్నవాళ్ళకి అదే చిక్కు. బెల్లం 10 గ్రాముల ముక్కలో 8–9 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇనుము ఉందని గ్లూకోజ్ ఊరుకోదు.

రాగి ఇవ్వాలనుకుంటే మొలకెత్తించని పిండి 20 గ్రాములు, చిక్కటి జావ, చల్లారాక 150 మి.లీ. పుల్ల మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. ఇంకా మంచిది పుట్నాల పప్పు పొడి. 25 గ్రాములు మజ్జిగలో కలిపితే 5 గ్రాముల పైన ప్రోటీన్, దాదాపు 14 గ్రాముల పిండిపదార్థం, జీలకర్ర వేస్తే రుచి కూడా. ఖర్చు టిన్‌లో చిన్న వంతు.

అలాగని పొడులు దండగ అనలేను. రోజుకి రెండు ఇడ్లీలు కూడా తినలేని పెద్దవాళ్ళు, దవడకి ఆపరేషన్ అయినవాళ్ళు, కీమో మధ్యలో ఉన్నవాళ్ళు, ట్యూబుతో ఆహారం వెళ్ళేవాళ్ళు, వీళ్ళకి విటమిన్లు ఖనిజాలతో సహా కొలిచి కలిపిన ఆహారం కావాలి. మజ్జిగతో ఆ పని జరగదు.

నైట్ డ్యూటీ (ఎండీ, జనరల్ మెడిసిన్)

అందరూ గ్లాసు చుట్టూ తిరుగుతున్నారు, నాకు కనబడుతున్నది 64 నుంచి 58. ఆర్నెల్లలో ప్రయత్నించకుండా 5 శాతం బరువు తగ్గితేనే కారణం వెతకాలి. ఇది 9 శాతం పైన.

మొదటి అనుమానం షుగరే. రక్తంలో 180 దాటితే చాలామందిలో గ్లూకోజ్ మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, గ్రాముకి 4 కిలోక్యాలరీల చొప్పున. మీరు గ్లాసులో పోసేది అటు కారిపోతుంది, దాహం, రాత్రిళ్ళు మూత్రం, నీరసం పెరుగుతాయి. మందు సరిచేస్తే ఏ పొడీ లేకుండానే బరువు నిలబడవచ్చు. పదిహేనేళ్ళ షుగర్‌లో ఇన్సులిన్ తయారీ తగ్గిపోయి, మాత్రలు చాలని దశ కూడా వచ్చి ఉండొచ్చు. రెండోది టీబీ: షుగర్ ఉన్నవాళ్ళలో దాని అవకాశం రెండు మూడు రెట్లు. దగ్గు లేకపోయినా ఛాతీ ఎక్స్‌రే, ఉంటే కళ్ళె పరీక్ష. థైరాయిడ్ చూడాలి. ఈ వయసులో షుగర్ ఉన్నట్టుండి అదుపు తప్పి బరువూ తగ్గితే పాంక్రియాస్ (క్లోమం) కూడా చూడాలా అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు. ఈ వారంలోనే వెళ్ళండి.

ఇక మందుల సంగతి. ఆహారం తగ్గించే ముందు గ్లిమెపిరైడ్ గుర్తుంచుకోండి. అది మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ పిండుతుంది. ఎవరో చెప్పారని టిఫిన్ పూర్తిగా మానేసి ఒక్క గ్లాసు పొడి నీళ్ళతో సరిపెడితే, 14 గ్రాముల పిండిపదార్థం మీద ఆ మాత్ర పనిచేసి పదకొండింటికి చెమటలు, వణుకు. పప్పుచారు గారు చెప్పిన 34–35 గ్రాముల దగ్గర సాధారణంగా ఇబ్బంది ఉండదు. అంతకంటే తగ్గించాలంటే డాక్టర్‌తో మాట్లాడి మాత్ర మార్చాకే.

షుగర్ 70 కంటే తగ్గితే ఈ డయాబెటిస్ పొడి ఇవ్వకండి. నెమ్మదిగా అరిగేలా తయారైనది అప్పుడు అక్కరకు రాదు, అందులోని కొవ్వు, ప్రోటీన్, పీచు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్ళీ పరీక్షించి, ఇంకా 70 లోపే ఉంటే మరో 15. మీ నాన్నగారికి ఇంకో మెలిక ఉంది: వొగ్లిబోజ్. అది పంచదారని విడగొట్టే ఎంజైమును ఆపుతుంది, కాబట్టి ఆ మందు ప్రభావంలో ఉండగా పంచదార నీళ్ళు, చాక్లెట్, బెల్లం ఆలస్యంగా పనిచేస్తాయి. గ్లూకోజే కావాలి. ఫ్లేవర్ వేసిన గ్లూకోజ్ పొడుల్లో కొన్నింట్లో పంచదార కలిసి ఉంటుంది, జాబితాలో గ్లూకోజ్ లేదా డెక్స్‌ట్రోజ్ ఒక్కటే ఉన్న సాదా పాకెట్ ఇంట్లో ఉంచండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108.

మీటర్ మావయ్య

పొడి మంచిదా కాదా అన్నది ఇక్కడ మేం ఓటు వేసి తేల్చేది కాదు. నాన్నగారి వేలే చెప్పాలి. కానీ పద్ధతిగా చేయకపోతే స్ట్రిప్పులు వృథా.

గ్లూకోమీటర్లకి ఇప్పుడున్న ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న విలువల్లో 15 శాతం అటూ ఇటూ రావచ్చు. అంటే అసలు 200 ఉంటే మీటరు 170 చూపినా 230 చూపినా చెడిపోయినట్టు కాదు. ఒకరోజు 228, ఇంకోరోజు 241 వచ్చిందని పొడి మార్చకండి. మీ విషయంలో 190–200 నుంచి 240 పైకి, అదీ మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి అది నిజమైన పెరుగుదలే అనుకోవచ్చు.

మూడు రకాల టిఫిన్లు పెట్టుకోండి: పాత నాలుగిడ్లీలు ఒక్కటే; ఇప్పుడిస్తున్న ఇడ్లీలు, పాలు, పొడి; పప్పుచారు గారి రెండిడ్లీలు, గుడ్డు, నీళ్ళలో పొడి. ఒక్కోదాన్నీ రెండేసి ఉదయాలు. మాత్ర వేళ, నడక, పడుకున్న వేళ ఒకేలా ఉండాలి. మొదటి ముద్దకి ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి. చాలామంది తినడం అయిపోయాక గడియారం చూస్తారు, గ్లాసు పావుగంట ఆలస్యంగా ఇచ్చే ఇంట్లో అది అరగంట తేడా తెస్తుంది. గంట రీడింగ్ ఎందుకంటే, ద్రవం ఘనాహారం కంటే ముందు దిగుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ గ్లాసు ఒక్కటే తాగితే అరగంట, గంట మధ్య శిఖరానికి వెళ్ళి రెండు గంటలకి దిగిపోవచ్చు. రెండు గంటల అంకె ఒక్కటే చూసేవాళ్ళు ఆ శిఖరాన్ని ఎప్పటికీ చూడరు.

చూడాల్సింది ఆఖరి అంకె కాదు, ముందు అంకెకీ దానికీ తేడా. 140తో మొదలై 200 అయితే పెరిగింది 60. 110తో మొదలై 190 అయితే పెరిగింది 80. రెండోదాన్నే జనం "బాగుంది" అంటారు. సాధారణ లక్ష్యం తినకముందు 80–130, తిన్న తర్వాత 180 లోపు. పెద్దవయసు, ఇతర జబ్బులు ఉంటే డాక్టరు దీన్ని కొంచెం సడలిస్తారు.

పొడి కలిపిన చేత్తోనే వేలు గుచ్చితే అంకె పెరుగుతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి గుచ్చండి. కాకినాడ తేమకి స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెట్టడం కూడా పెద్ద తప్పే. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళకి మీటరు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, హిమోగ్లోబిన్ 8, 9 ఉంటే ఒకసారి ల్యాబులో నరం రక్తంతో సరిపోల్చుకోండి.

ఉప్పాడ అల

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇంగ్లండ్‌లో షేకులు తాగించి షుగర్‌నే పోగొట్టారని వీడియోలు తిరుగుతున్నాయి. మరి ఇక్కడ షుగర్ పెరుగుతోందంటున్నారేమిటి?

నైట్ డ్యూటీ (ఎండీ, జనరల్ మెడిసిన్)

అది డైరెక్ట్ (DiRECT) అనే పేరున్న అధ్యయనం, 2017 చివర్లో వెలువడింది, స్కాట్లాండ్‌లోనూ ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లోనూ చేశారు. మూడు నుంచి ఐదు నెలలు మామూలు తిండి పూర్తిగా ఆపి, రోజు మొత్తానికి 825–853 కిలోక్యాలరీలు మాత్రమే షేకులు, సూపుల రూపంలో. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండా షుగర్ అదుపులో ఉంది. మామూలు వైద్యం పొందినవాళ్ళలో 4 శాతం. 15 కిలోలు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో 86 శాతం. పనిచేసింది షేకులో మందుందని కాదు, కాలేయంలో, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరగడం.

చేరినవాళ్ళంతా అధిక బరువువాళ్ళు, షుగర్ వచ్చి ఆరేళ్ళ లోపు, ఇన్సులిన్ లేనివాళ్ళు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే డాక్టర్ల పర్యవేక్షణలో ఆపారు. 58 కిలోలకి తగ్గిపోయిన మనిషికి దీనితో సంబంధమే లేదు. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ ఇంట్లో ప్రయత్నించేవాళ్ళు షుగర్ "లో" (బాగా తక్కువ) అయ్యి పడిపోతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ (గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపే షుగర్ మాత్రలు) వాడేవాళ్ళు తిండి ఇంతగా తగ్గిస్తే ఇంకో ప్రమాదం ఉంది: మీటరులో షుగర్ మామూలుగా ఉంటూనే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి రక్తం ఆమ్లస్థితిలోకి వెళ్ళొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తే 160 చూపిస్తోంది కదా అని ఊరుకోకూడదు.

కాకినాడ కాజా

అందరికీ చాలా థాంక్స్. ఛాతీ ఎక్స్‌రేకి రేపు వెళ్తున్నాం. పాత రిపోర్టుల్లో క్రియాటినిన్ 1.4, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 55 ఉంది. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించలేదు. ఈ పొడి కిడ్నీలకి భారమా? ఇంకో రెండు: రాత్రి పడుకునేముందు ఒక గ్లాసు ఇమ్మని బంధువులు అంటున్నారు. అమ్మకి కూడా ఇదే టిన్ ఇవ్వాలనుకుంటున్నాం, ఆవిడకి ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర ఉంది.

నైట్ డ్యూటీ (ఎండీ, జనరల్ మెడిసిన్)

మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి, అది లేకుండా 55 అన్న అంకె సగం కథే. డయాలసిస్ అవసరం రాని కిడ్నీ జబ్బులో ప్రోటీన్ కిలోకి రోజుకి 0.8 గ్రాముల దగ్గర ఉంచుతాం. 58 కిలోలకి 46 గ్రాములు. ఇడ్లీలు, పప్పు, పెరుగు, గుడ్డుతో మన ఇళ్ళల్లో 40 దగ్గరికి వస్తుంది కాబట్టి రెండు స్కూపుల 6 గ్రాములు పెద్ద భారం కాదు. దీనికితోడు జిమ్ పొడి ఇంకోటి చేర్చకండి. ఆయన కండ కరుగుతోంది కాబట్టి ఎంత ప్రోటీన్ అన్నది రిపోర్టులు చూసి డాక్టరూ డైటీషియనూ కలిసి తేల్చాలి. పొటాషియం ఎక్కువున్నవాళ్ళు టిన్ మీద ఆ వరుస కూడా చూడాలి. 55 దగ్గర మెట్‌ఫార్మిన్ కొనసాగించవచ్చు. కిడ్నీ మందగించే కొద్దీ గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, లో అయ్యే అవకాశం పెరుగుతుంది. ఈ క్రియాటినిన్ మీ డాక్టరుకి చూపించండి.

పడుకునేముందు గ్లాసు అలవాటుగా వద్దు. పుల్కాల మీద అదనమే అవుతుంది, పొద్దున పరగడుపు అంకె పైకి పోతుంది. పడుకునే వేళకి 100 లోపు ఉంటేనో, తెల్లవారుజామున 3 గంటలకి చూస్తే 70–80 వస్తుంటేనో మార్చాల్సింది రాత్రి మాత్ర, గ్లాసుతో సర్దడం కాదు.

పప్పుచారు (డైటీషియన్)

అమ్మగారి సంగతి. థైరాయిడ్ మాత్రకీ ఈ పొడికీ మధ్య నాలుగు గంటలు ఉంచండి. పొడిలో ఉన్న కాల్షియం, ఇనుము, సోయా ఉంటే అదీ, మాత్రని పేగులో పట్టేసుకుంటాయి. ఉదయం 6కి మాత్ర అయితే పొడి 10 తర్వాత లేదా సాయంత్రం. రక్తం పల్చబరిచే ఎసిట్రామ్, వార్ఫరిన్ వాడేవాళ్ళకి ఈ టిన్లలోని విటమిన్ కె లెక్కలోకి వస్తుంది. మొదలుపెట్టినా, మానేసినా, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) చూపించుకోవాలి. ఆవిడకి షుగర్ లేకపోతే ఈ ఖరీదైన టిన్ అక్కర్లేదు.

విరోచనాలు పట్టినప్పుడు మాత్రం ఇద్దరిలో ఎవరికీ ఇది ఇవ్వకండి. అప్పుడు అసలైన ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, 200 మి.లీ. గ్లాసులో 3 గ్రాముల లోపు. షుగర్ ఉన్నవాళ్ళూ భయపడకుండా తాగొచ్చు. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని అమ్మిన తియ్యటి టెట్రా ప్యాకులు వేరే జాతి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత స్టాకు చేతికిస్తే తిప్పి పంపండి, సూత్రం ముద్రించిన పొడి పాకెట్టే అడగండి.

ఉప్పాడ అల

ఇంకొక్కటి. మా ఊళ్ళో పక్షవాతం వచ్చిన పెద్దాయనకి ముక్కులోంచి ట్యూబు వేసి ఇలాంటి పొడే పోస్తున్నారు, ఇన్సులిన్ కూడా ఉంది. వాళ్ళకి ఏం చెప్పాలి?

నైట్ డ్యూటీ (ఎండీ, జనరల్ మెడిసిన్)

ఇన్సులిన్ ఇచ్చాక ఫీడ్ ఆగిపోవడమే అన్నిటికంటే ప్రమాదం. ట్యూబు ఊడినా, వాంతి అయినా, స్కానింగుకి తీసుకెళ్ళినా ముందు షుగర్ చూడాలి, ఆ తర్వాత గంటగంటకీ చూడాలి, డాక్టరుకి ఫోను చేయాలి. ఫీడ్ సక్రమంగా వెళ్తుందని తేలాకే ఇన్సులిన్ వేయడం మేలు. పోసేటప్పుడు తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తి, అయ్యాక అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్ళు పోయకపోతే పొడి గట్టిపడి ట్యూబు మూసుకుపోతుంది. పల్చగా పోతుందని నీళ్ళు ఎక్కువ కలిపితే క్యాలరీలు పడిపోయి, అదే ఇన్సులిన్‌కి లో అవుతారు. కలిపింది బయట రెండు గంటలు దాటితే పారబోయాలి.